మార్కెట్ ఊరి పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయడం ఎలా: మొదటి ప్రశ్న నుంచి చివరి ఫైలు దాకా

"మా తాతగారు బెల్లం మార్కెట్లో పనిచేశారు. ఎనభై దగ్గరపడ్డాయి. ఆయన చెప్పేవన్నీ రికార్డు చేద్దామని కూర్చోబెడితే పది నిమిషాల్లో అయిపోతోంది, ఏం అడగాలో తెలీడం లేదు." ఇలాంటి ప్రశ్నలు ఈ మధ్య చాలా వస్తున్నాయి. కొందరు ఫోన్ చాలా, మైక్ కొనాలా అంటారు. కొందరు రికార్డు చేశాక ఆ ఫైళ్లన్నీ ఏం చేసుకోవాలో తెలీక ఆగిపోయారు. అందుకే పని మొత్తం వరుసలో రాస్తున్నాను.

ఉదాహరణలు ఎక్కువగా అనకాపల్లివి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి, ఊరి బతుకంతా సీజన్ చుట్టూ తిరిగేది, అందుకని అడగడానికి బోలెడు దొరుకుతాయి. మీది దుగ్గిరాల పసుపు కావచ్చు, ఆదోని పత్తి కావచ్చు, వరంగల్ ఏనుమాముల కావచ్చు. సరుకు పేరు మార్చుకుంటే మిగతా పద్ధతంతా అదే.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. "ఆ రోజుల్లో ఎలా ఉండేదండీ?" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకి ప్రతి పెద్దాయనా ఒకటే జవాబు చెప్తారు: "అబ్బో, ఆ రోజులే వేరు బాబూ." అక్కడితో మీ రికార్డింగ్ అయిపోయినట్టే. చేతులు ఏం చేశాయి, ఎన్నింటికి చేశాయి, ఎంతకి చేశాయి, ఇవి అడగండి. కింద రాసిందంతా దీన్ని ఎలా అడగాలన్నదే.

## 1. ముందు పరిధి తగ్గించుకోండి

"మా ఊరి జ్ఞాపకాలు" అని మొదలుపెడితే ఎప్పటికీ పూర్తవదు. ఒక వీధి, ఒక వృత్తి, ఒక ఇరవై ఏళ్లు, వీటిలో కనీసం రెండు తేల్చుకోండి. "1960 నుంచి 1980 దాకా బెల్లం సీజన్లో మార్కెట్ వీధిలో ఒక రోజు" అంటే అది చేయగలిగిన పని.

ఎంత వెనక్కి వెళ్లగలరో చిన్న లెక్క వేసుకోండి. పిల్లలకి బజారు వివరాలు బాగా గుర్తుండేది ఎనిమిది పదేళ్ల నుంచి. 1957లో అణాలు పోయి నయాపైసలు రావడం కళ్లారా చూసినవాళ్లు కావాలంటే 1947, 48కి ముందు పుట్టినవాళ్లు కావాలి. 1955లో పుట్టినాయన అణాల గురించి చెప్తే అది చాలావరకు వాళ్ల నాన్న చెప్పిన మాట. తప్పేం లేదు, కాకపోతే నోట్‌బుక్‌లో "విన్నది" అని రాసుకోండి.

## 2. ఎవరి దగ్గరికి వెళ్లాలి

అందరూ చేసే పని: ఊళ్లో పేరున్న షావుకారు గారి దగ్గరికో, రిటైర్డ్ హెడ్మాస్టారి దగ్గరికో వెళ్తారు. వాళ్లు బాగానే మాట్లాడతారు, కానీ సభల్లో చెప్పీ చెప్పీ అరిగిపోయిన ప్రసంగమే మళ్లీ చెప్తారు. వాళ్లని చివర్లో పెట్టుకోండి. అప్పటికి మీ దగ్గర గట్టి ప్రశ్నలుంటాయి.

ఒకే మార్కెట్ ఒక్కొక్కరికి ఒక్కోలా కనిపిస్తుంది. బెల్లం దిమ్మ మోసిన కలాసీకి (మోత కూలీకి) బరువు గుర్తుంటుంది, కాటా వేసే కొలగారుకి తూకం గుర్తుంటుంది, గుమాస్తాకి లెక్క, రైతుకి తరుగు (తూకంలో కోసేసిన బరువు). నలుగురినీ అడిగితే గానీ ఒక్క బస్తా కథ పూర్తవదు.

వెతకాల్సినవాళ్లు:

- సరుకు తెచ్చిన రైతు, గానుగ దగ్గర బెల్లం వండిన మనిషి
- కలాసీ, కొలగారు, బండి తోలినవాళ్లు
- కమీషన్ కొట్టు గుమాస్తా (చిట్టా, ఆవర్జా అనే లెక్కల పుస్తకాలు రాసినాయన)
- మార్కెట్ దగ్గర హోటల్, టీ కొట్టు, కిళ్లీ కొట్టు నడిపినవాళ్లు
- కూరగాయలు, చేపలు, పూలు అమ్మిన ఆడవాళ్లు, గోనెసంచులు కుట్టినవాళ్లు
- రిక్షా, జట్కా తొక్కినవాళ్లు, తోలినవాళ్లు, స్టేషన్‌లో కూలీలు
- సినిమా హాలు గేటు దగ్గర పనిచేసినవాళ్లు, టైలరు, పోస్ట్‌మ్యాన్
- షావుకార్ల ఇళ్లలో సీజన్‌లో వచ్చేపోయేవాళ్లందరికీ వండిపెట్టిన మామ్మలు

చివరి వరుసని అందరూ వదిలేస్తారు. కొట్టు ముందు ఎంతమంది కూర్చున్నారో మగవాళ్లు చెప్తారు. అంతమందికి ఎంత బియ్యం పోశారో, ఆ బియ్యం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగేది వంటింట్లో ఉన్నవాళ్లే. ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు మీతో ఒక ఆడమనిషిని తీసుకెళ్లండి, మాట చాలా తేలిగ్గా సాగుతుంది.

మనుషులు దొరకాలంటే పొద్దున్నే పాత టీ కొట్టు, సాయంత్రం గుడి అరుగు, పెన్షన్లు ఇచ్చే రోజు. అన్నింటికన్నా తేలిక, వాళ్ల మనవల ద్వారా వెళ్లడం.

## 3. సామాను

ఫోన్ చాలు. డబ్బులు పెట్టాలనుకుంటే కాలర్ మైక్ ఒకటి కొనండి, కెమెరా మీద పెట్టకండి. వీడియో పెడితే చాలామంది సర్దుకుని కూర్చుని "మాట్లాడటం" మొదలుపెడతారు. మొదటిసారి ఆడియో మాత్రమే తీయండి.

- రికార్డింగ్ యాప్‌లో వేవ్ (WAV) ఫార్మాట్ ఎంచుకోండి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో గంటకి సుమారు 320 ఎంబీ అవుతుంది. ముందే ఫోన్‌లో జాగా చూసుకోండి.
- ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. కాల్ వస్తే కొన్ని యాప్‌లు రికార్డింగ్ ఆపేస్తాయి, ఆ సంగతి మీకు తెలీను కూడా తెలీదు.
- ఫోన్‌ని బల్ల మీద నేరుగా పెట్టొద్దు. మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టండి, గ్లాసు పెట్టిన చప్పుడు, వేళ్లతో కొట్టిన చప్పుడు తగ్గుతాయి.
- పవర్ బ్యాంక్, నోట్‌బుక్, రెండు పెన్నులు, పెద్ద తెల్లకాగితాలు (మ్యాపు గీయించడానికి).
- ఊరి పాత ఫోటోలు ఏమైనా దొరికితే పెద్ద సైజులో ప్రింట్ తీయించి పట్టుకెళ్లండి. ఫోన్‌లో చూపిస్తే వాళ్లకి కనిపించదు.

ఇంట్లో పెద్ద శత్రువు సీలింగ్ ఫ్యాన్. మే నెలలో ఆపమనలేం కదా, అందుకే చలికాలంలోనో పొద్దున్నేనో పెట్టుకోండి. లేదంటే మైక్ కాలర్‌కి పెట్టి ఫ్యాన్ ఒకటో నంబరులో ఉంచండి. టీవీ, కుక్కరు సంగతి ఇంట్లోవాళ్లకి ముందే చెప్పాలి.

## 4. కాలం కొలబద్ద తయారు చేసుకోండి

ఇది చేయకుండా వెళ్లొద్దు. పెద్దవాళ్లకి సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. "అది ఏ సంవత్సరం?" అంటే ఇబ్బంది పడతారు. "స్కైలాబ్ పడుతుందన్నప్పటికి మీ పెళ్లయిందా?" అంటే ఠక్కున చెప్తారు, పైగా కోళ్లు కోసుకు తిన్న కథ కూడా వస్తుంది. (స్కైలాబ్ అంటే కూలిపోయిన అమెరికా అంతరిక్ష కేంద్రం, అది మన మీదే పడుతుందని జనం భయపడ్డారు.)

ఒక కాగితం మీద ఇవి రాసుకుని దగ్గర పెట్టుకోండి:

- 1948 జనవరి 30: గాంధీ గారి మరణం
- 1953 అక్టోబరు 1: ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1: ఆంధ్రప్రదేశ్
- 1957 ఏప్రిల్ 1: నయాపైసలు మొదలు
- 1958–62: వీశెలు, మణుగులు పోయి కిలోలు
- 1964 మే 27: నెహ్రూ మరణం
- 1966 నవంబరు 1: ఉక్కు ఉద్యమం, విశాఖలో కాల్పులు
- 1971 డిసెంబరు: యుద్ధం, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో మునగడం, రాత్రిళ్లు దీపాలార్పడం
- 1974 ఆగస్టు 10: విశాఖలో ఈనాడు మొదలు
- 1975 జూన్: ఎమర్జెన్సీ
- 1979 జూలై: స్కైలాబ్
- 1980 ఫిబ్రవరి 16: పెద్ద సూర్యగ్రహణం, వీధుల్లో జనం లేని రోజు
- 1983 జనవరి: ఎన్టీఆర్ ముఖ్యమంత్రి, ఆ తర్వాత కిలో రెండు రూపాయల బియ్యం
- 1993 సారా నిషేధం, 1995 మద్య నిషేధం
- 2014 అక్టోబరు 12: హుద్‌హుద్

కృష్ణా, గుంటూరు వైపైతే 1977 నవంబరు 19 ఉప్పెన చేర్చుకోండి. తెలంగాణలోనైతే 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తప్పకుండా ఉండాలి. గోదావరి పుష్కరాలు 1967, 1979, 1991, 2003, 2015. కృష్ణా పుష్కరాలు 1968, 1980, 1992, 2004, 2016. ఆ ఏళ్లలో ఊరంతా బళ్లెక్కి వెళ్లినవాళ్లే కాబట్టి బాగా పనిచేస్తాయి.

పుట్టినరోజు కోసం ఆధార్ నమ్ముకోకండి. చాలామందికి అది బళ్లో చేర్చిన రోజు మాస్టారు వేసిన తేదీ, రెండుమూడేళ్లు అటూఇటూ ఉండొచ్చు. తెలుగు సంవత్సరం అడగండి. "మన్మథలో పుట్టాను" అంటే 1955–56. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది, అంటే 2015–16 కూడా మన్మథే.

పాత కొలతలు కూడా అదే కాగితం వెనకవైపు రాసుకోండి. రూపాయికి 16 అణాలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, పన్నెండణాలు ముప్పావలా. అణాలో నాలుగో వంతు కాణీ. తూకంలో కోస్తా వైపు 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. వీశె అంటే సుమారు 1.4 కిలోలు, మణుగు పదకొండు కిలోల పైచిలుకు. కొలతలోనైతే 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక. మానిక తర్వాత కుంచం లెక్క ఊరిని బట్టి మారుతుంది. అందుకే "మీ కుంచానికి ఎన్ని మానికలు?" అని అడిగి తీరాలి, మీ సొంత లెక్క వేసేయొద్దు. నిజాం ఏలుబడిలోని ఊళ్లలో హాలీ సిక్కా అనే నిజాం సొంత డబ్బు ఉండేది, ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిషిండియా రూపాయలకి సమానం. అక్కడ ధర చెప్తే "ఏ రూపాయి?" అని అడగండి.

## 5. అనుమతి, మొదటి అయిదు నిమిషాల్లోనే

ఎందుకు రికార్డు చేస్తున్నారు, ఎవరు వింటారు, ఎక్కడ ఉంచుతారు, ఈ మూడూ చెప్పండి. "వద్దనుకున్న ముక్క తర్వాతైనా తీసేస్తాను" అని కూడా చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. రికార్డింగ్ ఆన్ చేశాక ఇదే సంభాషణ మరోసారి జరపాలి, వాళ్లు "సరే" అన్నది గొంతులో ఉండాలి. సంతకం చేయలేనివాళ్ల విషయంలో ఆ గొంతే అనుమతి కాగితం.

ఇంట్లోవాళ్ల అనుమతి వేరు, పెద్దాయన అనుమతి వేరు. కొడుకు సరేనన్నాడు కదా అని మొదలుపెట్టేయొద్దు.

## 6. అడగాల్సినవి

### 6.1 ఒక రోజుని గంటగంటకీ నడిపించండి

"సీజన్ మంచి ఊపులో ఉన్న ఒక రోజు తీసుకుందాం తాతగారూ. ఎన్నింటికి లేచేవారు? ఎవరు లేపేవారు?" ఇక్కడ మొదలుపెట్టండి. తర్వాత ఒక్కో అడుగూ.

- మొహం ఏంతో తోముకునేవారు? మొట్టమొదట కడుపులోకి వెళ్లేదేంటి, చద్దన్నమా, గంజా, కాఫీనా?
- బండి ఎక్కడ విప్పేవారు? ఎద్దులకి నీళ్లు ఎక్కడ, మేత ఎవరిది?
- దిమ్మలు ఎలా పేర్చేవారు? ఒక్కోటి ఎంత బరువు? భుజం మీద ఏం వేసుకుని మోసేవారు?
- రంగు చూసి ధర చెప్పేదెవరు? నాలుక మీద వేసుకుని చూసేవారా, వేళ్లతో నలిపి చూసేవారా?
- బేరం అందరి ముందూ పాటా, తువ్వాలు కింద వేళ్లు పట్టుకునా?
- కాటా ఎవరిది? రాళ్లు ఎవరు తెచ్చేవారు? తరుగు ఎంత తీసేవారు? కమీషన్, కూలి, ఇంకా ఏ పేరుతో ఏమేం పోయేవి?
- డబ్బు ఆ రోజే ఇచ్చేవారా, పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాసిచ్చి తర్వాత రమ్మనేవారా?
- డబ్బు చేతికొచ్చాక మొదట వెళ్లే కొట్టు ఏది? ఇంటికి ఏం పట్టుకెళ్లేవారు?
- మధ్యాహ్నం అన్నం ఎక్కడ? హోటల్లో అందరూ ఒకే బల్ల మీద తినేవారా? గ్లాసులు వేరుగా ఉండేవా?
- రాత్రి ఆగాల్సొస్తే ఎక్కడ పడుకునేవారు? సినిమాకి వెళ్తే నేలా, బెంచీనా?

గ్లాసుల ప్రశ్న దగ్గర తొందరపడకండి. కులం గురించి నేరుగా అడిగితే "మా ఊళ్లో అవన్నీ లేవండీ" అంటారు. ఎవరెక్కడ కూర్చున్నారు, ఏ నుయ్యి ఎవరిది, గ్లాసు ఎవరు కడుక్కునేవారు అని అడిగితే జరిగింది జరిగినట్టు వస్తుంది.

### 6.2 వీధి గీయించండి

పెద్ద కాగితం ముందు పెట్టి, ఒక గుర్తు దగ్గర మొదలుపెట్టి ఎడంవైపు కొట్లన్నీ వరసగా చెప్పమనండి. తర్వాత కుడివైపు. వాళ్లు గీయకపోతే మీరే గీస్తూ "దీని పక్కన?" అంటూ ఉండండి. పేరు గుర్తురాకపోతే సరుకు అడగండి, సరుకూ గుర్తురాకపోతే ఆ కొట్టు ముందు ఏం వాసన వచ్చేదో అడగండి.

ఈ ఒక్క పని నుంచి వచ్చేంత సమాచారం ఇంకే ప్రశ్న నుంచీ రాదు. మాట్లాడటం చేతకాదనేవాళ్లకి ఇంకా బాగా పనికొస్తుంది, ఎందుకంటే వాళ్లు కాగితాన్ని చూస్తారు, మిమ్మల్ని చూడక్కర్లేదు. ఇద్దరిని కలిపి కూర్చోబెడితే "అక్కడ కాదురా, రేవు దిగే దగ్గర" అని కొట్లాడుకుంటారు. కొట్లాడుకోనివ్వండి, రికార్డింగ్ మాత్రం ఆపొద్దు.

### 6.3 వస్తువు చేతికివ్వండి

ఇంట్లో పాత చిట్టా పుస్తకం, తూకపు రాళ్లు, సోల, రేషన్ కార్డు, శుభలేఖ ఏముంటే అది తీయించండి. చేతిలో పట్టుకున్నాక మాట మారిపోతుంది. సోల చేతికొస్తే తలకొట్టి (అంచుకి సమంగా) కొలవడం, కుప్పగా కొలవడం రెండూ చేసి చూపిస్తారు. ఆ చేతి కదలిక మాత్రం వీడియో తీయండి, అక్కడ ఆడియో సరిపోదు.

### 6.4 సీజన్ కానప్పుడు?

ఇది అడగడం చాలామంది మర్చిపోతారు. బెల్లం సీజన్ ప్రధానంగా చలికాలం నుంచి ఎండాకాలం మొదటిదాకా. మిగతా నెలల్లో కలాసీ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది? ఎవరు అప్పిచ్చారు, వడ్డీ ఎంత, ఆ అప్పు కూలిలోంచి కోసుకునేవారా? నూకాలమ్మ జాతరకి, అంటే ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యకి, చేతిలో ఎంతుండేది, కొత్త బట్టలు తీసుకునేవారా? వానాకాలం శారదా నది పొంగితే మార్కెట్‌కి దారి ఎటు?

## 7. కూర్చునే రోజు

టిఫిన్ అయ్యాక పది, పదకొండు మధ్య మంచి సమయం. మధ్యాహ్నం కునుకు పాడుచేయొద్దు. గంట దాటొద్దు, ఎంత బాగా సాగుతున్నా సరే. అలసిపోయాక చెప్పేవన్నీ పొట్టి జవాబులే, పైగా రెండోసారి రమ్మనరు.

వినికిడి తక్కువైతే బాగా వినిపించే చెవి ఎటుందో కనుక్కుని అటు కూర్చోండి. కేకలు వేసి అడిగితే రికార్డింగ్‌లో మీ గొంతే మిగుల్తుంది. ప్రశ్న పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చూపించడం మేలు, చదువుకున్నవాళ్లయితే.

ప్రశ్న అడిగాక ఆగండి. నిశ్శబ్దం వస్తే ఇబ్బందిపడి ఇంకో ప్రశ్న వేసేస్తాం, అదే చెడగొట్టేది. వాళ్లు గుర్తు తెచ్చుకుంటున్నారు, మంచి మాటలు చాలాసార్లు ఆ ఖాళీ తర్వాతే వస్తాయి. "ఊఁ" కూడా గట్టిగా అనొద్దు, తలాడించండి చాలు.

చేయి చూపించి "ఇంత ఉండేది" అంటే వెంటనే "అంటే మూరెడా?" అని మాటల్లోకి తెప్పించండి. ఆడియోలో చెయ్యి కనపడదు.

మొదలుపెట్టేటప్పుడు ఒకసారి సరిచూసుకోండి:

- ఏరోప్లేన్ మోడ్, చార్జింగ్, జాగా చూశారా?
- అర నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్‌తో విన్నారా?
- తేదీ, ఊరు, వాళ్ల పేరు, మీ పేరు మొదట్లో మీ గొంతుతో చెప్పారా?
- అనుమతి మాట రికార్డయిందా?
- మందులు, భోజనం వేళలు కనుక్కున్నారా?

## 8. మామూలుగా చెడే చోట్లు, సర్దుకునే మార్గాలు

పక్కనుంచి అందుకునేవాళ్లు. "కాదు నాన్నా, అది 82లో" అని కొడుకు. పెద్దాయన ఆగిపోతారు, ఆ తర్వాత ప్రతి మాటకీ కొడుకు వైపు చూస్తారు. కొడుకు గారితో "మీతో విడిగా కూర్చుంటాను, మీ చిన్నప్పటివి కావాలి" అనండి, నిజంగానే కూర్చోండి కూడా. ఆలోపు పాత ఫోటోలు వెతికే పని అప్పజెప్పండి.

అంతా బంగారంలా చెప్పడం. "అప్పుడు మోసాలు లేవు, రోగాలు లేవు." వాదించొద్దు. "మీ కొట్టులో తూకం తేడా వచ్చిందని ఎవరైనా గొడవపడ్డ రోజు గుర్తుందా?" అని ఒక సంఘటన అడగండి. జ్వరం వస్తే ఎవరి దగ్గరికి వెళ్లారు, ఎంత తీసుకున్నారు అని అడిగితే రోగాలు వాటంతటవే బయటికొస్తాయి.

ధరలు ఉత్తినే చెప్పేయడం. "రూపాయికి బస్తా" లాంటివి వస్తూనే ఉంటాయి. కూలి ఎంతో కూడా పక్కనే అడగండి. రోజు కూలికి ఎన్ని మానికల బియ్యం వచ్చేవి? ఈ లెక్క గుర్తుండే తీరు వేరు, ఇల్లు నడిపినవాళ్లకి అది తప్పదు.

ఒకే కథ మళ్లీ మళ్లీ. ఆపొద్దు. రెండోసారి చెప్పినప్పుడు మొదటిసారి లేని మనిషి ఒకరు అందులోకి వస్తారు. ఆ మనిషి గురించి అడగండి.

ఊరికొచ్చిన పెద్దలు. ఫలానా నాయకుడు వచ్చాడు, హారతిచ్చాం అని అరగంట నడుస్తుంది. విని, "ఆ రోజు మార్కెట్ మూసేశారా? మీ కూలి పోయిందా?" అని మళ్లీ రోజువారీలోకి లాక్కురండి.

కన్నీళ్లు. పోయిన పిల్లలు, మునిగిన అప్పులు, అన్నదమ్ముల పంపకాలు మధ్యలో వస్తాయి. రికార్డర్ ఆపాలా అని అడగండి. నీళ్లు ఇవ్వండి. ఆ ప్రశ్నని ఇంక పొడిగించొద్దు, వాళ్లే మళ్లీ ఎత్తితే తప్ప.

చట్టానికి అడ్డమొచ్చే సంగతులు. నల్లబెల్లం నాటుసారాకి వెళ్లిన రోజులు, లెక్కల్లో రాయని సరుకు, ఇవి బెల్లం ఊళ్లో రాకుండా ఉండవు. వినండి, కానీ బతికున్నవాళ్ల పేర్లు వస్తే ఆ నిమిషం రాసిపెట్టుకుని బయటికిచ్చే కాపీలో తీసేయండి.

## 9. ఆ రాత్రికే చేయాల్సిన పని

రేపు చేద్దామంటే అవదు. వారం తిరిగేసరికి ఏ ఫైలు ఎవరిదో మీకే తెలీదు.

1. ఫైలు పేరు మార్చండి. సంవత్సరం, నెల, తేదీ, మనిషి పేరు, ఎన్నో ముక్క, ఈ వరుసలో.
2. మూడు చోట్ల ఉంచండి: మీ కంప్యూటర్, విడి హార్డ్ డిస్క్ లేదా పెన్‌డ్రైవ్, ఆన్‌లైన్ డ్రైవ్. ఫోన్‌లోది అప్పుడే చెరపొద్దు. వాట్సాప్‌లో పంపుకున్న కాపీని లెక్కలోకి తీసుకోకండి. పంపే పద్ధతిని బట్టి నాణ్యత తగ్గిపోవచ్చు, చాట్ క్లియర్ చేస్తే అదీ పోతుంది.
3. అసలు ఫైలు ముట్టుకోవద్దు. కోతలన్నీ కాపీలోనే.
4. ఒక పేజీ సారాంశం, నిమిషాలతో: "12వ నిమిషం: తరుగు. 19: ఎద్దుల నీళ్ల తొట్టి. 31: పెళ్లి." అంతా రాసే ఓపిక లేకపోయినా ఇది తప్పనిసరి.
5. గొంతులో లేనివి రాయండి: గది, పక్కనున్నవాళ్లు, చేతిలో పట్టుకున్న వస్తువు, చెప్పనన్న విషయం.

పూర్తిగా రాయాలనుకుంటే గంట మాటకి అయిదారు గంటలు పడుతుంది, యాస గట్టిగా ఉంటే ఇంకా ఎక్కువ. వాయిస్ టైపింగ్ కొంత సాయం చేస్తుంది గానీ మార్కెట్ మాటల దగ్గర చేతులెత్తేస్తుంది, కలాసీని కళాశాల చేసినా చేస్తుంది. ప్రతి లైనూ వింటూ దిద్దాలి.

యాసని మాత్రం దిద్దొద్దు. "బళ్లు కట్టీసి ఎల్లిపోయీవోళ్లం" అంటే అలాగే రాయండి. "బళ్లు కట్టుకొని వెళ్లేవారము" అని రాశారంటే ఆ మనిషి పోయి పాఠ్యపుస్తకం మిగిలింది. ప్రత్యేకమైన మాటలకి చివర ఒక జాబితా పెట్టి, అర్థం వాళ్ల మాటల్లోనే రాయించుకోండి.

## 10. సరిచూసుకోవడం

జ్ఞాపకం తప్పిందని పట్టుకోవడానికి కాదు, కాలం సరిగ్గా పెట్టడానికి. విశాఖ ఈనాడులో మార్కెట్ ధర చదివి బండి కట్టానని ఒకాయన చెప్తే అది 1974 ఆగస్టు తర్వాతి మాటే. "1960లో" అని ఆయన అన్నా సరే. అప్పుడు ఆయన మాట మార్చకుండా పక్కన బ్రాకెట్లో మీ గమనిక రాయండి.

చూడదగ్గవి:

- మార్కెట్ కమిటీ, మున్సిపాలిటీ పాత రికార్డులు (అడిగితే చూపించేచోట)
- ఇళ్లలోని పట్టీలు, చిట్టాలు, శుభలేఖలు, బిల్లులు. తేదీ ఉన్న ఏ కాగితమైనా
- 1961 జనాభా లెక్కలప్పుడు జిల్లాలవారీగా వేసిన జాతరలు, పండుగల సంపుటాలు
- జిల్లా గెజిటీర్, పాత దినపత్రికలు. అనకాపల్లి 2022 ఏప్రిల్‌లోనే వేరే జిల్లా అయింది కాబట్టి పాతవన్నీ విశాఖపట్నం జిల్లా పేరు మీదే వెతకాలి
- చెరకు గురించైతే 1913 నుంచీ అక్కడే ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానం

ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ ఉంచండి. రైతు తరుగు ఎక్కువ తీశారంటాడు, కొట్టు గుమాస్తా న్యాయంగానే తీశామంటాడు. మధ్యస్థంగా మీరొక అంకె కట్టారంటే ఇద్దరి మాటా పోయినట్టే.

## 11. రెండోసారి, తర్వాత

మొదటి సిటింగ్ పరిచయానికే సరిపోతుంది. అసలు సరుకు రెండోదాంట్లో వస్తుంది, కాబట్టి పదిహేను రోజుల్లోపు మళ్లీ వెళ్లండి. ఆ మధ్యలో వాళ్లకి చాలా గుర్తొచ్చి ఉంటాయి, చెప్పుకోడానికి ఎదురుచూస్తుంటారు. వెళ్లేటప్పుడు మొదటిసారిది ఒక పేజీ ప్రింట్ తీసి చదివి వినిపించండి. "అలా కాదు, ఇలా" అని దిద్దుతారు. ఆ దిద్దుబాటునీ రికార్డు చేయండి.

బయట పెట్టేముందు ఫోన్ నంబర్లు, ఇంటి నంబర్లు, అప్పుల వివరాలు, ఇతరుల మీద ఆరోపణలు తీసేయాలి. వాళ్లు వద్దన్న ముక్క అసలు ఫైల్లో ఉంటే ఆ ఫైలు ఎవరికీ ఇవ్వకూడదు, బంధువులకైనా.

ఇంటివాళ్లకి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఇవ్వండి. ఊరి శాఖా గ్రంథాలయం తీసుకుంటానంటే ప్రింట్ కాపీ ఒకటి అక్కడ పెట్టండి. పెద్దాయన చేతికిచ్చే కాపీ మాత్రం పెద్ద అక్షరాల్లో, స్పైరల్ బైండింగ్ చేయించి ఇవ్వండి, మామూలు బైండింగ్ అయితే పేజీలు విప్పి పట్టుకోవడం కష్టం. వీధి మ్యాపు అందులో మధ్యలో పెట్టండి, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ మొదట చూపించేది అదే.